దావా విలువ

కందుకూరు కోర్టు గోడపక్క
నా టైపు మిషను మీద
'కొట్టెను' అన్న మాట
ముప్పయ్యేళ్ళుగా నేనే కొడుతున్నాను.
'క' మీట కాస్త పట్టేస్తుంది,
రెండుసార్లు కొట్టాలి.

దార్ల రాహేలమ్మ, వయసు నలభై నాలుగు,
పొగాకు గ్రేడింగు కూలి, వాది.
బ్యారన్ యజమాని, ప్రతివాది.
మూడు వారాల కూలి అడిగినందుకు,
ఆకు వేలాడదీసే కర్రతో,
కుడి మణికట్టు మీద.
ఈ కామాలు నేను పెట్టినవి.
ఆమె చెప్పినప్పుడు కామాలు లేవు.

క్రిమినల్ కేసు అప్పటికే అయిపోయింది.
వెయ్యి రూపాయల జరిమానా
నిలబడ్డచోటే కట్టేసి
కిళ్ళీ నములుతూ వెళ్ళాడాయన.
"ఆ వెయ్యి యాడికి పోయింది?" అందామె.
సర్కారుకి, అన్నాను.
"ఇరిగింది నా చెయ్యి గదబ్బయ్యా,
సర్కారుకేమైంది?"
దావాకి కారణం అన్న పేరాలో
ఆ మాట పెట్టడానికి వీల్లేదు.
సెక్షన్లు పెట్టాం.

తర్వాత విలువ.
దావా విలువ వేయందే నంబరు పడదు.
చేతికెంత వేద్దాం, అని అడిగారు మా వకీలు గారు.
ఆమె చేతిని బల్ల మీద పెట్టింది,
వేలం ప్లాట్‌ఫాం మీద బేలు పెట్టినట్టు.
ఎవరూ పాట పాడలేదు.
ఫ్యాను తిరుగుతా ఉంది.
ఆకును బొటనవేలితో రుద్ది
మేలురకమో మధ్యరకమో
కళ్ళు మూసుకుని చెప్పిన చెయ్యి.
చివరికి మేమే అన్నాం, రెండు లక్షలు.
"అంతా?" అంది.
కాసేపాగి, "అంతేనా?" అంది.

కోర్టు ఫీజు కట్టలేదు గనక పేదల దావా.
పేదరికానికి రుజువు కావాలి,
ఆస్తి జాబితా కావాలి.
సత్తు బిందెలు రెండు,
చూలు మేక ఒకటి,
చెవికమ్మలు, తాకట్టులో.
"కుడి చెయ్యి రాయొద్దా?"
నా వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

వాయిదాలు.
పొన్నలూరు బస్సు ఛార్జీ రెండుసార్లు పెరిగింది.
మేక ఈనింది, పిల్లల్లో ఒకటి
దారిఖర్చులకే పోయింది.
ఒక వాయిదాకి జడ్జి గారు సెలవు,
ఒక వాయిదాకి ప్రతివాది బావమరిది పెళ్ళి,
ఒకదానికి కారణమే లేదు.

క్రాసు రోజున అడిగారు,
బ్యారన్ మెట్ల మీంచి పడ్డావు కదూ?
"మెట్లని నేను కూలి అడగలేదు సార్."
కాగితం మీదికి దిగేసరికి అది
'నేను మెట్ల మీద నుండి పడితిననుట వాస్తవము కాదు'
అయింది.

అప్పుడు వాళ్ళ పెద్ద వకీలు
కూలి పుస్తకం తెరిచాడు.
ఇందులో సంతకం నిటారుగా ఉంది,
దావాలో సంతకం వాలిపోయి ఉంది,
ఈ రెండూ ఒక మనిషివి కావన్నాడు.
హాల్లో మెడలన్నీ సాగాయి.
ఆమె రెండు కాగితాలూ తీరిగ్గా చూసింది.
"నిజమేనయ్యా. అది కుడిచేత్తో పెట్టింది.
ఇది ఎడమచేత్తో.
మధ్యలో మీ ఆసామి ఉండాడు."
ఈసారి జడ్జి గారు మాట మార్చలేదు.
"ఉన్నదున్నట్టు రాసుకోండి" అన్నారు.

ఎనభై అయిదు వేలు, ఆరు శాతం వడ్డీ.
మిగతా మేరకు దావా కొట్టివేయడమైనది.
ఇక్కడ కూడా ఆ మాటే.
డబ్బు ఇంకా రాలేదు.
అమలు పిటిషను వేయాలి,
'క' మీట బాగుచేయించుకోవాలి.

తీర్పు నకలు చేతికిచ్చాను.
ఎడమ బొటనవేలితో
కాగితం అంచు రుద్ది,
ముక్కు దగ్గర పెట్టుకుని,
"తేమ ఉందబ్బయ్యా," అంది,
"ఇంకా ఆరాల."